మందులు మానలేదు, కౌంట్ ఎందుకు పెరగడం లేదు?

నల్లగొండలో హెచ్‌ఐవీ రోగులకు వైద్యం చేస్తున్న నన్ను, వైరస్‌ను అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టి పదేళ్లు దాటినవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "సారూ, ఒక్క పూట గూడ గోలీ ఇడ్వలే. మరి కౌంటెందుకు పెరుగుత లేదు?" అడుగుతూనే చికిత్స వివరాలు రాసే గ్రీన్ బుక్ తెరిచి, కౌంట్, అంటే సీడీ4 కణాల అంకెలు రాసిన గడుల మీద వేలు పెట్టి చూపిస్తారు. 38, 112, 190, 236, 251, 240, 258. మొదట చకచకా పెరిగిన అంకె ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడక్కడే తిరుగుతూ ఉంటుంది. బయట బెంచీ మీద పక్కన కూర్చున్న మనిషి కౌంట్ 700 దాటిందని తెలిస్తే దిగులు ఇంకా పెరుగుతుంది. మందు పనిచేయడం లేదేమోనని కొందరు, తామే ఎక్కడో పొరపాటు చేశామేమోనని మరికొందరు లోలోపల కుమిలిపోతుంటారు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ పరిమాణం, అదుపులో ఉన్నవారి విషయంలో ఈ రెండు అనుమానాలకూ ఆధారం లేదు. ఎందుకు లేదో ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో చెప్పలేకపోతున్నాను కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. రోగుల గురించి చెప్పే చోట ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

సీడీ4 కణాలు తెల్ల రక్తకణాల్లో ఒక రకం. శరీరంలోకి ఏ సూక్ష్మజీవి వచ్చినా దాన్ని గుర్తించి మిగతా రక్షణ కణాలను పనిలోకి దింపేవి ఇవే. ఆరోగ్యవంతుల్లో ఘన మిల్లీమీటరు రక్తంలో సుమారు 500 నుంచి 1500 వరకు ఉంటాయి. అయితే మనం సూదితో తీసి లెక్కపెట్టేది రక్తంలో తిరుగుతున్న కొద్ది భాగాన్ని మాత్రమే. అత్యధిక భాగం మెడలో, చంకల్లో, గజ్జల్లో, కడుపులో ఉండే లింఫు గ్రంథుల్లోనూ, పేగు గోడలోనూ ఉంటుంది. హెచ్‌ఐవీ శరీరంలో ప్రవేశించిన తొలి వారాల్లోనే, మనిషికి ఒక జ్వరం వచ్చి తగ్గినట్టు తప్ప మరేమీ తెలియని సమయంలోనే, పేగు గోడలోని సీడీ4 కణాలను భారీగా నాశనం చేస్తుంది. రక్తంలో కౌంట్ 600 ఉన్న రోజుల్లో కూడా లోపల జరిగిన నష్టం అంతకన్నా చాలా పెద్దదై ఉంటుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

మందులు మొదలుపెట్టాక జరిగే పునరుద్ధరణ రెండు దశల్లో సాగుతుంది. మొదటి రెండు మూడు నెలల్లో కనిపించే పెరుగుదలలో చాలా భాగం కొత్తగా పుట్టిన కణాలది కాదు. వైరస్ రేపిన వాపు కారణంగా లింఫు గ్రంథుల్లో చిక్కుకుపోయిన పాత కణాలు, వైరస్ అణిగిపోవడంతో తిరిగి రక్తంలోకి వస్తాయి. అందువల్లనే చాలామందిలో తొలి పరీక్షకే అంకె బాగా పెరిగి, మనిషికి ఆకలి పుట్టి, ముఖంలో కళ వస్తుంది. రెండో దశ నిదానంగా నడిచేది. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథి కొత్త కణాలను తయారుచేసి పంపుతుంది. మందులు సక్రమంగా వాడేవారిలో మొదటి ఏడాది 50 నుంచి 150 వరకు, ఆపైన ఏడాదికి 50 నుంచి 100 వరకు పెరుగుతూ, కొన్నేళ్లకు ఎవరి స్థాయిలో వారిది నిలకడకు వస్తుంది. ఆ స్థాయి ఒకరికి 800 కావచ్చు, మరొకరికి 250 కావచ్చు. వైరస్ పూర్తిగా అదుపులో ఉండి కూడా కౌంట్ ఆశించినంత పెరగనివారు, కొలమానాన్ని బట్టి, 15 నుంచి 30 శాతం వరకు ఉంటారని వివిధ దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. ఈ మాట విన్నప్పుడు మా రోగుల ముఖాల్లో కనిపించే ఊరట నాకు బాగా తెలుసు, ఎందుకంటే అంతవరకు ఈ ఇబ్బంది తమ ఒక్కరిదే అనుకుంటూ ఉంటారు.

ఇంతకీ ఎందుకు ఆగుతుంది? అన్నిటికన్నా బలమైన కారణం, మందులు మొదలుపెట్టే నాటికి కౌంట్ ఎంతవరకు పడిపోయిందన్నది. 30 దగ్గర మొదలుపెట్టినవారు, 400 దగ్గర మొదలుపెట్టినవారు ఒకే మందును ఒకే క్రమశిక్షణతో వాడినా ఒకే చోటికి చేరరు. వయసు రెండో కారణం. థైమస్ గ్రంథి చిన్నతనంలో పెద్దదిగా ఉండి, యుక్తవయసు నుంచి క్రమంగా కుంచించుకుపోయి కొవ్వుగా మారుతుంది కాబట్టి, యాభై ఏళ్లు దాటాక చికిత్స మొదలైనవారికి కొత్త కణాల సరఫరా తక్కువగానే ఉంటుంది. మూడోది లింఫు గ్రంథులకు జరిగే నష్టం. ఏళ్ల తరబడి సాగిన వాపు వల్ల ఆ గ్రంథుల్లో మచ్చ కట్టినట్టు కొల్లాజెన్ పేరుకుపోతుంది. సీడీ4 కణాలు బతకడానికి అవసరమైన సంకేతాలు అందేది అక్కడే. పూడిక నిండిన చెరువులో వాన ఎంత కురిసినా నీళ్లు నిలవనట్టే, ఆ గ్రంథులు గట్టిపడ్డాక కొత్తగా వచ్చిన కణాలు ఎక్కువకాలం నిలవలేవు. ఇక పేగు గోడ పూర్తిగా కోలుకోకపోవడం వల్ల అక్కడి సూక్ష్మజీవుల అవశేషాలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతూ రక్షణ వ్యవస్థను నిరంతరం రెచ్చగొడుతుంటాయి. అలా ఎప్పుడూ అప్రమత్తంగా ఉండే కణాలు త్వరగా అలసి చనిపోతాయి. హెపటైటిస్ సి, సైటోమెగలో వైరస్ వంటి ఇతర ఇన్ఫెక్షన్లు ఈ స్థితిని మరింత పెంచుతాయి.

ఇక్కడ మా ప్రాంతపు చరిత్ర చెప్పక తప్పదు. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ రోజుల్లో కౌంట్ 200 కన్నా తగ్గినవారికి, లేదా జబ్బు బాగా ముదిరినవారికి మాత్రమే మందులు ఇచ్చేవారు. కౌంట్ 320 ఉన్న మనిషి వస్తే "ఇప్పుడే అవసరం లేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ రండి" అని పంపడమే అప్పటి నిబంధన. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆ పరిమితి 350కి, ఆపైన 500కి పెరిగి, చివరకు 2017లో కౌంట్ ఎంతున్నా పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులివ్వాలన్న విధానం వచ్చింది. 2015లో వెలువడిన స్టార్ట్ అనే అంతర్జాతీయ పరిశోధన, 35 దేశాల్లో 4,685 మందిని పరిశీలించి, కౌంట్ 500 పైన ఉండగానే మందులు మొదలుపెట్టినవారిలో తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి 57 శాతం తగ్గాయని చూపించడం ఈ మార్పుకు ముఖ్యమైన ఆధారం.

దీనికి తోడు పాలమూరు వలసలున్నాయి. నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు నుంచి ముంబై, పుణె, భివండీలకు పనికి పోయినవారు, దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్ పోయినవారు, విజయవాడ రోడ్డు మీద లారీలు నడిపినవారు ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం పరీక్షకు రాలేదు. మంచం పట్టి ఊరికి తిరిగొచ్చాకే పరీక్ష జరిగింది. అప్పటికి కౌంట్ 20, 45, 60. వారి వెంట వచ్చిన భార్యలకు కూడా అప్పుడే పరీక్ష చేసేవారు. ఇవాళ యాభై ఏళ్ల వయసులో 250 దగ్గర ఆగిపోయిన నా రోగుల్లో చాలామంది ఆ తరం వారే. వారి కౌంట్ ఆగిపోవడానికి కారణాలు ఆలస్యంగా జరిగిన పరీక్ష, ఆలస్యంగా అందిన మందు. వారి క్రమశిక్షణలో లోపం లేదు. నిజానికి స్టావుడిన్ వాడిన రోజుల్లో బుగ్గలు లోపలికి పోయి, కాళ్లు మండుతున్నా, జిడోవుడిన్‌తో రక్తం తగ్గినా, నెవిరాపిన్‌తో ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా ఓర్చుకుని రోజుకు రెండు పూటలా మందు మింగినవారు వీళ్లు. ఇప్పుడు ఇచ్చే టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన రోజుకొక్క గోలీ, వారికి చాలా ఆలస్యంగా దొరికింది. వారిని ఎవరైనా "సరిగా వాడడం లేదు" అని మందలించడం విన్నప్పుడు నాకు బాధ కలుగుతుంది, కోపం కూడా వస్తుంది.

కౌంట్ అంకెను ఎంతవరకు నమ్మాలన్నది కూడా తెలుసుకోవాలి. ఒకే మనిషిలో సీడీ4 ఉదయం తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. జ్వరం వచ్చినా, జలుబు చేసినా, స్టెరాయిడ్ మందులు వాడినా తాత్కాలికంగా పడిపోతుంది. పరీక్షకు పరీక్షకు మధ్య 20, 30 శాతం తేడా రావడం అసాధారణం కాదు. 258 నుంచి 221కి వచ్చిందంటే జబ్బు తిరగబెట్టినట్టు కాదు. మందు పనిచేస్తోందా లేదా అన్నది తేల్చేది వైరల్ లోడ్ పరీక్ష. ప్రభుత్వ కార్యక్రమంలో ఈ పరీక్ష 2018 నుంచి అందరికీ క్రమం తప్పకుండా జరుగుతోంది. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికొకసారి చేస్తారు. వైరస్ కనిపించని స్థాయిలో ఉంటే, కౌంట్ 240 అయినా 840 అయినా, మందు తన పని తాను చేస్తున్నట్టే. అలా ఉన్నవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదన్నది కూడా పెద్ద పరిశోధనల్లో రుజువైన విషయం, దీనికి కౌంట్‌తో సంబంధం లేదు.

అంకెను ఎలాగైనా పెంచాలన్న ఆరాటం మనకే కాదు, శాస్త్రవేత్తలకూ ఉండేది. ఇంటర్‌ల్యూకిన్-2 అనే ఇంజెక్షన్ ఇస్తే సీడీ4 కణాలు నిజంగానే బాగా పెరిగాయి. కానీ దాదాపు 5,800 మందిపై జరిగిన రెండు పరిశోధనల ఫలితాలు 2009లో వెలువడినప్పుడు, పెరిగిన కౌంట్ వల్ల జబ్బులు గానీ మరణాలు గానీ తగ్గలేదని తేలింది. అదనంగా మరో హెచ్‌ఐవీ మందు చేర్చి చూసినా ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి వైరల్ లోడ్ అదుపులో ఉండగా కౌంట్ కోసం మందు మార్చమని అడగడం వల్ల లాభం లేదు. ఇక కౌంట్ పెంచుతామంటూ అమ్మే పొడుల సంగతి. కూలి డబ్బులు దాచి అలాంటి పొడి కొని, మూడు నెలల తర్వాత ఉబ్బిన ముఖంతో, పెరిగిన షుగరుతో వచ్చిన ఒక పెద్దమ్మ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని నా అనుమానం. ఆకలి పెరిగి, ఒళ్లు వచ్చినట్టు కనిపించడంతో ఆమె దాన్ని బలం అనుకుంది. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పాలు కొనుక్కుని ఉంటే ఆమెకు నిజంగా మేలు జరిగేది.

దీనికి పూర్తిగా ఎదురు ప్రశ్న కూడా వింటాను. కౌంట్ 900 దాటింది కదా, ఇక కొన్నాళ్లు ఆపవచ్చా అని. ఆపకూడదు. 2006లో స్మార్ట్ అనే పరిశోధనలో 5,472 మందిని తీసుకుని, సగం మందికి కౌంట్ 350 పైన ఉన్నప్పుడు మందు ఆపి, 250 కన్నా తగ్గితే మళ్లీ మొదలుపెట్టి చూశారు. ఆపినవారిలో జబ్బులు, మరణాలు రెండు రెట్లకు పైగా కనిపించడంతో ఆ పరిశోధననే మధ్యలో నిలిపివేశారు. గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బులు కూడా వారిలోనే ఎక్కువయ్యాయి. వైరస్ కొన్ని కణాల్లో నిద్రాణంగా దాగి ఉంటుంది, మందు ఆపిన కొద్ది వారాల్లోనే మళ్లీ లేస్తుంది.

పునరుద్ధరణ ఒక్కోసారి కష్టం కూడా తెచ్చిపెడుతుంది, అది ముఖ్యంగా తొలి మూడు నెలల్లో. కౌంట్ బాగా తక్కువగా ఉన్న మనిషిలో టీబీ దాగి ఉన్నా, దాన్ని ఎదిరించే శక్తి లేక జ్వరం కూడా సరిగా రాదు. మందులు మొదలై రక్షణ కణాలు తిరిగి వచ్చాక అవి ఆ టీబీని గుర్తించి ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మెడ దగ్గర గడ్డలు లేస్తాయి, జ్వరం కాస్తుంది, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. "మీ గోలీలు ఏసుకున్నంకనే గడ్డలచ్చినయి సారూ" అని మందు మానేసి ఇంట్లో కూర్చున్నవారున్నారు. మానేయడం ప్రాణాపాయం. అందుకే ముందుగా టీబీ పరీక్ష చేసి, టీబీ ఉంటే దాని మందులు మొదలుపెట్టి, సాధారణంగా రెండు వారాల లోపు ఏఆర్‌టీ మొదలుపెడతాం. మెదడు పొరలకు టీబీ సోకినవారిలో మరికొన్ని వారాలు ఆగుతాం. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి, పన్నెండు గంటల తేడాతో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ గోలీ అదనంగా ఇస్తాం. ఆ రెండో గోలీని అనవసరమనుకుని పక్కన పెట్టకూడదు.

కౌంట్ 350 దాటనివారు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా కాపాడే కోట్రిమోక్సజోల్ గోలీని, ఆరు నెలల తేడాతో రెండుసార్లు 350 పైన వచ్చేదాకా, డాక్టరు ఆపమని చెప్పేదాకా వాడుతూనే ఉండాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు పట్టడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మందుల తేదీ వరకు ఆగకుండా రావాలి. హెపటైటిస్ బి పరీక్ష, అది లేకపోతే టీకా గురించి అడగాలి. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా సుమారు ఆరు రెట్లు ఎక్కువ, అయినా మా దగ్గర దాన్ని ముందుగా కనిపెట్టే పరీక్షకు సిగ్గుపడి తప్పుకునేవారే ఎక్కువమంది. అక్కలారా, చెల్లెళ్లారా, ఐదు పది నిమిషాల్లో అయిపోయే ఆ పరీక్షను దయచేసి వాయిదా వేయకండి.

కౌంట్ బాగా పెరిగినవారిలో కూడా పునరుద్ధరణ అసంపూర్ణమే అన్నది గత పదిహేనేళ్లలో స్పష్టమైంది. సీడీ4 కణాలను, వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 కణాలతో పోలిస్తే ఆరోగ్యవంతుల్లో ఆ నిష్పత్తి ఒకటి కన్నా ఎక్కువ ఉంటుంది. చికిత్సలో ఉన్న చాలామందిలో కౌంట్ 600 దాటినా ఆ నిష్పత్తి తిరగబడే ఉంటుంది. సన్నగా సాగే ఆ లోపలి వాపు రక్తనాళాలను దెబ్బతీస్తుంది, కొంచెం ముందుగానే గుండె జబ్బులు వస్తాయి. పిటావాస్టాటిన్ అనే కొవ్వు తగ్గించే మందు హెచ్‌ఐవీ ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివాటిని 35 శాతం తగ్గించిందని 2023లో రిప్రీవ్ పరిశోధన చూపించింది. అందువల్ల బీపీ, షుగర్, కొవ్వు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు ఇప్పుడు మాకు కౌంట్ అంత ముఖ్యం. టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాల మీద, ఎముకల మీద ప్రభావం చూపుతుంది. మోకాళ్ల నొప్పులకు క్యాల్షియం, రక్తహీనతకు ఐరన్ గోలీలు వాడేవారు మా జిల్లాలో ఎందరో ఉన్నారు. ఖాళీ కడుపుతో వాటిని డోలుటెగ్రావిర్‌తో కలిపి మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు. అన్నంతో పాటు కలిపి వేసుకోవచ్చు, లేదంటే ఏఆర్‌టీ గోలీ వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి వేసుకోవాలి. ఇక బీడీ. కౌంట్ గురించి ప్రతి నెలా అడిగే మనిషి జేబులోంచి బీడీ కట్ట తొంగిచూస్తుంటే నేను మొదట మాట్లాడేది ఆ కట్ట గురించే.

రహస్యంగా మందు వాడేవారి కష్టం కూడా ఇందులో భాగమే. గోలీల డబ్బా కదిలితే చప్పుడవుతుందని, అత్తగారికి వినపడుతుందని, డబ్బాలో దూది కుక్కి బియ్యం సంచిలో దాచుకునే కోడళ్లు నాకు తెలుసు. కొందరు గోలీలను డబ్బాలోంచి తీసి కాగితంలో చుట్టి కొంగుకు కట్టుకుంటారు. అలా చేస్తే తేమ తగిలి గోలీలు పాడవుతాయి కాబట్టి, దూదితోనైనా సరే డబ్బాలోనే ఉంచుకోమని చెబుతాను. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఒకరి స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టడం చట్టవిరుద్ధం.

పుట్టుకతో వైరస్ సోకి, చిన్నతనంలోనే మందులు మొదలైన పిల్లల గురించి చెప్పాలి. థైమస్ చురుగ్గా ఉన్న వయసులో చికిత్స అందడం వల్ల వారిలో చాలామందికి కౌంట్ దాదాపు మామూలు స్థాయికి చేరింది. పెద్దలు ఎంత ప్రయత్నించినా అందుకోలేని స్థాయి అది. ఇప్పుడు వారు డిగ్రీ చదువుతున్నారు, ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, కొందరికి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. వారి ముప్పు వేరే చోట ఉంది. హైదరాబాద్ హాస్టల్ గదిలో నలుగురి మధ్య డబ్బా తెరవలేక మందు మానేయడం, మందుల కోసం ఊరికి రాలేక రెండు నెలలు తప్పిపోవడం. అలాంటి పిల్లలు ముందుగా చెబితే వారి మందులను హైదరాబాద్‌లోని ఏదో ఒక ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ చేస్తాం, నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తాం. బదిలీ కాగితం తీసుకోవడానికి తల్లిదండ్రులు వెంట రావలసిన అవసరం లేదు, పద్దెనిమిదేళ్లు నిండినవారు తామే వచ్చి అడగవచ్చు. ఎవరికీ చెప్పుకోలేని సందేహం ఉంటే 1097కు ఫోన్ చేయవచ్చు, ఆ నంబరుకు డబ్బులు పడవు.